నైజాం రైలు ఎవరిది?

మన పెద్దలు ఇప్పటికీ “నైజాం రైలు” అనే మాట వాడుతూ వుంటారు. ఆ పేరు గల రైల్వే ఇప్పుడు లేదు. 1951 నవంబరు 5వ తేదీన అది సెంట్రల్ రైల్వేలో కలిసిపోయినది. బొంబాయి కేంద్రంగా నడచిన పెద్ద సంస్థ జి.ఐ.పి. రైల్వే, సింధియా, ధోల్‌పూర్ సంస్థానాల చిన్న రైల్వేలు కూడా అదే రోజున అందులో చేరినవి. ఇలా కలిసిపోయిన రైల్వేల చరిత్ర వెదకేవారికి మొదట ఎదురయ్యే చిక్కు పేరే. నైజాం రైలు అని మనమనే ఒక్క మాట వెనుక ముగ్గురు యజమానులున్నారు.

మొదటిది సర్కారు వారి లైను. మొదటి సాలార్ జంగ్ దివానుగా వున్న కాలంలో, 1874లో, వాడి జంక్షన్ నుండి సికింద్రాబాదు దాకా వేశారు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. బండ్లు నడిపింది మాత్రం జి.ఐ.పి. వారు. అంటే చివరకు ఎవరితో పాటు కలిసిపోయిందో, మొదట్లో వారి చేతి మీదుగానే నడిచిందన్నమాట!

రెండవది లండనులో పుట్టిన కంపెనీ. దీని పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ “గ్యారంటీడ్” అనే మాట దగ్గర చదువరులు కాస్త ఆగాలి. పేరు నిజాముది, వాటాలు లండనులో అమ్మినవి. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి మీద ఏటా నూటికి 5 చొప్పున ఇస్తామని హైదరాబాదు ఖజానా పూచీ పడింది. నష్టం వస్తే భరించేది రైతు కట్టిన శిస్తు. మా విద్యార్థులకు ఈ సంగతి చెబితే, “మరి కంపెనీ వాళ్ళకు భయమేముంది సార్?” అని అడుగుతారు. అసలు ప్రశ్న అదే.

ఆ ప్రశ్నను 1883లోనే హైదరాబాదు ప్రజలు వేశారు. ఆ ఏడు ఫిబ్రవరిలో సాలార్ జంగ్ చనిపోయాడు. నిజాం ఇంకా మైనరు. అటువంటి సమయంలో చాందా వైపు రైలు వేసే పథకం వచ్చింది. షరతులేమిటో ప్రజలకు తెలియజేయండి, తరువాత నిర్ణయించండి అని కొందరు చదువుకున్నవారు ఆందోళన చేశారు. వారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. అఘోరనాథ్‌ను అదే సంవత్సరం మే నెలలో రాజ్యం నుండి బయటికి పంపించివేశారు. రైలు లెక్కలు అడిగినందుకు ఒక పండితుడికి దక్కిన బహుమానం అది! హైదరాబాదులో ప్రజా ఉద్యమాల చరిత్ర రాసేవారు దీనితో మొదలుపెట్టాలని మా అభిప్రాయం.

కంపెనీ పని చేయలేదని మేము అనడం లేదు. 1889 నాటికి లైను బెజవాడ చేరింది. ఇల్లందు బొగ్గుకు దారి దొరికింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. మన్మాడ్ వైపు మీటరు గేజి లైను వచ్చింది. 1929లో కాజీపేట – బల్లార్షా మార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి.

మూడవ యజమాని మళ్ళీ సర్కారే. 1930 ఏప్రిల్‌లో కంపెనీ దగ్గర రైల్వేను కొనివేసింది. “గ్యారంటీడ్” మాట ఊడిపోయి నిజామ్స్ స్టేట్ రైల్వే అయినది. 1932లో ఈ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. మన ఆర్టీసీకి మూలం అదే. 1951 నవంబరులో బస్సులు రాష్ట్ర ప్రభుత్వానికి, రైళ్ళు సెంట్రల్ రైల్వేకు వెళ్ళాయి. కలిసి కాపురం చేసిన అన్నదమ్ములు విడిపోయినట్లు అయింది.

1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇప్పుడు లెక్క వేయండి. 1945లో లాలాగూడలో కొలువులో చేరి, ఇల్లు మారకుండా 1970లో రిటైరైన ఫిట్టరు మూడు రైల్వేల నౌకరు! అతని మనుమడు ఒక్క దక్షిణ మధ్య రైల్వే పేరుతో వెదికితే సగం జీవితం దొరకదు. కనుక ముందు తారీఖు చూడాలి, తరువాత ఆ తారీఖున యజమాని ఎవరో చూడాలి.

తారీఖులోనూ ఒక మెలిక వుంది. నిజాం కాలపు ఉర్దూ కాగితాల మీద ఫసలీ సంవత్సరం వుంటుంది. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు 590, జనవరి తరువాత 591 కలపాలి. సర్కారు రైల్వేను కొన్న 1930 ఏప్రిల్, 1339 ఫసలీలో పడుతుంది. 590 మాత్రమే కలిపితే 1929 వస్తుంది. అప్పటికి యజమాని ఇంకా కంపెనీయే.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో సంస్థానపు ఉర్దూ, ఫారసీ దస్తావేజులు వున్నాయి. ఉర్దూ చదవగలిగిన మన పిల్లలకు ఆ తలుపు తెరిచే వుంది. ఇండ్లలో దాదాగారి సర్వీసు కాగితాలు, పాసులు, పెన్షను పుస్తకాలు ట్రంకు పెట్టెల్లో వుంటే పాత సామాను కింద అమ్మవద్దు. ఫసలీ తారీఖు అర్థం కాకపోతే పట్టుకురండి, కూర్చుని చదివి పెడతాము.