వయా... వయా...

2001 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎస్-రౌటింగ్ అని ఒక స్పెసిఫికేషన్ వదిలింది. సోప్ మెసేజి ఏయే మజిలీల మీదుగా పోవాలో పంపేవాడే హెడర్లో 'వయా' అంటూ వరసగా రాసుకోవచ్చు. ప్రతి మజిలీ తన పేరు తీసేసి తర్వాతివాడికి అందిస్తుంది. చదవడానికి బానే ఉంది. కానీ మధ్యలో ఎవడైనా ఇంకో వయా దూరిస్తే? మెసేజి బుద్ధిగా అటే పోతుంది! దారిపొడుగునా మారే హెడర్ కాబట్టి, మొదట్లోనే సంతకం పెట్టి బిగిద్దామన్నా కుదరదు.

నా బాధ అది కాదు. ఈమెయిల్ వాళ్ళు 1982లోనే (ఆర్ఎఫ్‌సీ 821) ఇలా దారి రాసే వీలిచ్చి, 1989లో (ఆర్ఎఫ్‌సీ 1123) ఇక రాయొద్దన్నారు. పన్నెండేళ్ళకి మనవాళ్ళు మళ్ళీ మొదలెట్టారు, పాత ఆర్ఎఫ్‌సీలు ఎవరు చదువుతార్లెండి! 2004లో డబ్ల్యూ3సీకి ఇచ్చిన డబ్ల్యూఎస్-అడ్రసింగ్‌లో దారి ఊసే లేదు. ఎవరికి, జవాబెక్కడికి లాంటివే ఉంటాయి. తర్వాతి మజిలీ సంగతి మధ్యవాడే చూసుకోవాలి.