ఏ తండ్రి పేరు రాయాలి?

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డ ఎవరి బిడ్డ? మన సంస్కరణోద్యమ చరిత్రలో ఈ ప్రశ్న దాదాపు వినపడదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహాన్ని తలచుకుంటే మన కళ్ల ముందు నిలిచేది బాలవితంతువు. ఆమె ఒళ్లో బిడ్డ ఉండదు. బిడ్డలున్న వితంతువుని చట్టం మాత్రం మరిచిపోలేదు.

ఆ పెళ్లికి చట్టబద్ధత ఇచ్చింది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. అదే చట్టం రెండో సెక్షను ప్రకారం, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుంది. మూడో సెక్షను బిడ్డల గురించి. భర్త తన వీలునామాలో ఎవరినీ సంరక్షకులుగా నియమించకపోతే, అతని తల్లిదండ్రులు గానీ, అతని వైపు మగ బంధువు ఎవరైనా గానీ కోర్టుకెళ్లి పిల్లలకు సంరక్షకుణ్ణి నియమించమని అడగొచ్చు. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న మగవాడికి ఇలాంటి షరతేమీ లేదు. అతని పిల్లలు అతని ఇంట్లోనే, మారుతల్లి చేతికింద పెరుగుతారు. మన కథల నిండా సవతి తల్లి దుర్మార్గమే ఉండి, సవతి తండ్రి అంతగా కనబడకపోవడానికి ఇదీ ఒక కారణమేనేమో.

ఆ చట్టం 1983లో రద్దయింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రి తర్వాతే తల్లి సహజ సంరక్షకురాలంది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదని సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో చెప్పేసరికి 1999 వచ్చింది.

అయినా పాత ప్రశ్న పోలేదు. బిడ్డ నెలల పసివాడుగా ఉండగా భర్తను పోగొట్టుకుని, మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లి మీద అత్తమామలు కోర్టుకెళ్లారు. పిల్లవాడికి కన్నతండ్రి ఇంటిపేరే ఉండాలని, రికార్డుల్లో రెండో భర్త పేరు రాయాల్సి వస్తే 'సవతి తండ్రి' అని రాయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం పిల్లవాడి ఆత్మగౌరవాన్ని పట్టించుకోని క్రూరత్వమేనన్న ధోరణిలో మాట్లాడింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనంది.

ఈ తీర్పుని ఆహ్వానించాలి. కానీ ఇంకో మాట కూడా అడగాలి. ఇంటిపేరు వేరైతే పిల్లవాడికి అనవసరమైన ప్రశ్నలు ఎదురవుతాయని కోర్టు బాధపడింది. ఆ ప్రశ్నలు అడిగేవాళ్ల సంగతేమిటి? ఒక ఇంటికి ఒకే పేరు, అదీ మగవాడి పేరే ఉండాలన్న నమ్మకం చెక్కుచెదరకుండానే ఉంది కదా!

కొత్త ఇంట్లో పిల్లలు కుదురుకోవడాన్ని మనం తల్లి ఓర్పుకి, మారుతండ్రి మంచితనానికి వదిలేస్తాం. కొత్తగా వచ్చిన మనిషిని 'నాన్నా' అని పిలవమని బలవంతపెట్టకూడదు, పోయిన తండ్రి ఫోటోని గోడ మీంచి తీసేయకూడదు. ఇవి ఇంట్లోవాళ్లు చెయ్యగలరు. కానీ బడిలో చేర్పించే దరఖాస్తు దగ్గర, పెళ్లి పందిట్లో బంధువుల ఆరాల దగ్గర ఆ పిల్లలు ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంటే, ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా చాలదు. మారాల్సింది పిల్లలొక్కరే కాదు.