చెరకు సీమలో పాత కారు

గోవాడ పేరు చెబితే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. కాగితాల మీద చోడవరం సహకార చక్కెర కర్మాగారమే గానీ రైతుల నోట అది ఎప్పుడూ గోవాడ ఫ్యాక్టరీయే. 2022 ఏప్రిల్‌లో ఈ ఊరు విశాఖపట్నం జిల్లాను విడిచి కొత్త అనకాపల్లి జిల్లాలో చేరింది. పాత కార్ల చరిత్ర రాస్తూ ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఒక కారు నలభై ఏళ్లపాటు రోజూ రోడ్డెక్కాలంటే దాని తయారీ గట్టిగా ఉండటం ఒక్కటే చాలదు. దాన్ని విప్పి, అరిగినది మార్చి, తిరిగి బిగించగల చేతులు దగ్గర్లో ఉండాలి. బాగుచేయడం మామూలు పనే అనుకునే సమాజం ఉండాలి. పాత కారును రోజువారీ బండిగా వాడుకోవడం కొందరు ధనవంతుల ముచ్చటగా ఇప్పుడు కనిపిస్తోంది కానీ, మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అది మొదటి నుంచీ పనిముట్టును చూసుకునే పద్ధతి. ఆ పద్ధతి ఈ చెరకు సీమకు కారు రాకముందే అలవడిందని నేను అంటున్నాను.

శారదా నది పరీవాహకంలో చెరకు సాగు పాతది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దేశమంతటా పేరుంది. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. బెల్లం వండే రైతుకు యంత్రంతో పరిచయం గానుగతోనే ఏర్పడింది. ఎడ్లు తిప్పే గానుగ పోయి ఆయిల్ ఇంజను వచ్చాక పొలంలోనే ఇంజను విప్పడం, బెల్టు బిగించడం, నాజిల్ శుభ్రం చేయడం తెలియక తప్పలేదు. నరికిన చెరకు ఆగదు. కోత కోసిన గంట నుంచే దానిలోని పంచదార తగ్గుతూ వస్తుంది కాబట్టి ఇంజను మొరాయిస్తే బస్తీ నుంచి ఎవరో వచ్చేదాకా కూర్చునే వీలు లేదు. ఆ తర్వాత ఏటికొప్పాక, తుమ్మపాల, తాండవ, గోవాడ సహకార ఫ్యాక్టరీలు వచ్చాయి. చక్కెర ఫ్యాక్టరీ ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీ కాదు. శీతాకాలంలో గానుగాట మొదలై వేసవి ముదిరేలోగా ముగుస్తుంది. మిగిలిన నెలలన్నీ ఓవర్‌హాలింగే. మిల్లు రోలర్లు దింపి గాళ్లు తీయాలి, బేరింగులు చూడాలి, బాయిలర్ ట్యూబులు గీకాలి, పంపులు విప్పి గ్లాండ్లు మార్చాలి. ఆ పనికి ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు కావాలి. దశాబ్దాల కిందటి యంత్రాన్ని ఏటా విప్పి, ఏటా బిగించి, సీజనుకు సిద్ధం చేయడమే ఆ కర్మాగారాల బతుకు. అలాంటి ఊళ్లో పుట్టిన మనిషికి, వయసు మీరింది కనుక యంత్రాన్ని పారేయాలన్న మాట సహజంగా తోచదు.

ఈ నేలకు వచ్చిన కారు కూడా ఆ స్వభావానికి సరిపోయినదే. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును తీసుకుని 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌గా తయారుచేయడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో ఆ మోడల్ కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. ఇక్కడ 2014 మే వరకూ, అంటే అర్ధ శతాబ్దం దాటి నడిచింది. వెనక కమాను కట్టలు, నేలకు ఎత్తుగా ఉండే ఒడ్డూ పొడుగూ గల బాడీ, ముందు సీట్లోనే ముగ్గురు సర్దుకునే వెడల్పు, పెద్ద డిక్కీ: చెరకు బళ్ల చక్రాలు గాడులు తీసిన దారులకు ఇంతకంటే అనువైన కారు అప్పట్లో లేదు. 1980లో దీనికి 1489 సి.సి. డీజిల్ ఇంజను పెట్టారు. దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు అదే. ఆయిల్ ఇంజనుతో చెరకు ఆడించిన ఊళ్లకు డీజిల్ కారు కొత్త వింతేమీ కాదు. అంబాసిడర్ వెళ్లలేని చోటికి జీపు వెళ్లింది. చోడవరం మీదుగా మాడుగుల, అక్కడి నుంచి పాడేరు వైపు మన్యానికి మనుషుల్నీ సరుకునీ ఏళ్ల తరబడి మోసింది సర్వీసు జీపులే. వాటి అసలు మూలం రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపు. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో దాన్ని బిగించడం మొదలుపెట్టింది. యుద్ధం కోసం గీసిన డిజైను మన్యం ఘాట్ రోడ్డు మీద కూలికీ పెళ్లికీ ఆసుపత్రికీ పనికొచ్చింది. ఈ జీపును క్లాసిక్ అనని వాళ్లు దాని చరిత్రను ఇంకా చదవలేదు.

ఈ బళ్లు ఎక్కువ కాలం బతకడానికి వాటి నిర్మాణం ఎలా తోడ్పడిందో కొంచెం నిదానంగా చూడాలి. పెట్రోలు అంబాసిడర్ ఇంజను బోనెట్ ఎత్తితే పూర్తిగా కనబడుతుంది, నాలుగు వైపులా చేయి ఆడుతుంది. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు, కార్బరేటర్, పెట్రోలు పంపు, డైనమో: ప్రతి భాగమూ విడిగా విప్పేదే, విప్పి బాగుచేసేదే. పాయింట్ల ఎడం ఫీలర్ గేజితో కొలుస్తారు, టప్పెట్లు చెవితోనే పట్టేస్తారు. సిలిండర్లు అరిగితే లేత్ పనివాడి దగ్గర బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయిస్తారు. అలా ఒక బ్లాకుకు ఒకసారి కాదు, కొన్నిసార్లు కొత్త ప్రాణం పోయవచ్చు. ముందు చక్రాల కింగ్‌పిన్‌లు, బుష్షులు అరుగుతాయి, మార్చితే స్టీరింగు మళ్లీ బిగుస్తుంది. దీనికి కావలసింది స్కానర్ కాదు, సానపట్టిన వేళ్లు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వాళ్ల బి-సిరీస్ కుటుంబానిది. ఇంగ్లండులో ఎం.జి. స్పోర్ట్స్ కార్లకు పెట్టిందీ ఆ కుటుంబపు ఇంజనునే. కాబట్టి దాని గురించిన జ్ఞానం ప్రపంచమంతటా అచ్చులో ఉంది, మన దగ్గర మెకానిక్ షెడ్లలో ఉంది. విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల లేత్ మిషన్లు, టింకరింగ్ షెడ్లు, కమాను కట్టల దుకాణాలు పక్కపక్కనే ఉండటం వల్లే ఒక పాత బండి పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగేది. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా కారు నిలబడిపోతుంది. కారు ఆయుష్షు కారులో లేదు, ఈ గొలుసులో ఉందని అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. అదంతా లేమి కథ కాదా? లైసెన్సుల రాజ్యంలో కొత్త కారుకు పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూడాలి, ఎంచుకోవడానికి అంబాసిడరూ ఫియట్టూ స్టాండర్డూ తప్ప వేరే లేవు, అందుకే పాతదాన్ని లాగించారు, దీన్ని సంస్కృతి అని పొగడటం దేనికి అని అడగవచ్చు. క్యూబాలో 1959కి ముందరి అమెరికన్ కార్లు డీజిల్ ఇంజన్లు తగిలించుకుని టాక్సీలుగా తిరగడమూ లేమి వల్లే కదా అనవచ్చు. ఈ వాదనలో నిజం ఉంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కొనగలిగిన వాళ్లు దాని వైపు మళ్లారు. 1980ల మధ్యలో ఏటా 24,000 దాకా అమ్ముడైన అంబాసిడర్, 2013-14లో 2,200 దగ్గర ఆగింది. అయితే లేమి ఒక అలవాటు ఎలా పుట్టిందో చెప్పగలదు, లేమి పోయాక కూడా అది ఎందుకు నిలిచిందో చెప్పలేదు. మార్కెట్లో కొత్త బళ్లు నిండిన తర్వాతా మన్యం దారిలో కమాండర్ జీపు పోలేదు. పల్లెటూరి టాక్సీ స్టాండులో అంబాసిడర్ ఏళ్ల తరబడి ఉంది. అప్పు చేసి కొన్న కొత్త కారు నెల నెలా వాయిదా అడుగుతుంది, పాతది అప్పుడప్పుడు మరమ్మతు అడుగుతుంది. పంట డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకసారే, అదీ ఫ్యాక్టరీ బకాయి తీర్చినప్పుడే. అలాంటి ఇంటికి రెండోదే నయమనిపించడంలో లెక్క ఉంది. పాతదాన్ని కొత్త పనికి తయారు చేసుకోవడం తెలుగువాళ్లకు చిన్నతనంగానూ అనిపించలేదు. 1982లో ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవర్లే వ్యాను. దాన్ని బాగుచేయించి, మీద నిలబడి మాట్లాడేలా మలిచి, నెలల తరబడి రోజూ నడిపారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: పొగ, ప్రాణభద్రత. దీన్ని తేలిగ్గా కొట్టేయడం తప్పు. కార్బరేటర్ ఇంజను బి.ఎస్.-6 ఇంజనుతో పోటీ పడలేదు. పాత అంబాసిడర్‌కు ఎయిర్‌బ్యాగు లేదు, ఏ.బి.ఎస్. లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. జాతీయ రహదారి మీద రాత్రిపూట, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని అలాంటి కారులో వేగంగా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కానీ గోవాడ నుంచి చోడవరం సంతకు, అనకాపల్లి మార్కెట్టుకు, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో నడిచే దారి వేరు. అక్కడ ప్రమాదాన్ని నిర్ణయించేది కారు పుట్టిన సంవత్సరం కాదు, బ్రేకు షూల మందం. పొగ విషయమూ అంతే. సరిగ్గా ట్యూన్ చేసిన పాత ఇంజనుకూ, రింగులు పోయి నీలి పొగ కక్కే ఇంజనుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. ఢిల్లీ ప్రాంతంలో డీజిల్ కారుకు పదేళ్లు, పెట్రోలు కారుకు పదిహేనేళ్లు అని గీసిన గీత అక్కడి గాలికి అవసరమై ఉండవచ్చు. ఆ గీతను దేశమంతటికీ ఆదర్శంగా తీసుకోకూడదు. పరీక్షించాల్సింది బండిని, పుట్టిన తేదీని కాదు.

మన చట్టం ఈ మధ్య పాత కార్లను గౌరవించే ప్రయత్నం చేసింది, కానీ గౌరవించిన తీరే నాకు మింగుడుపడదు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి 20,000 రూపాయలు కడితే వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. షరతు ఏమిటంటే ఆ బండిని మామూలు పనులకు రోజూ రోడ్డు మీద నడపకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే తీయాలి. నడపాలనుకునే వాళ్లకు మామూలు దారే ఉంది: పదిహేనేళ్లు నిండాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించి, అయిదేళ్లకోసారి ఆర్.సి. పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 అయింది. అంటే పాత బండిని నిలబెట్టి ఉంచితే వారసత్వం, నడిపితే భారం. బ్రిటన్ దీనికి ఎదురు దారి పట్టింది. అక్కడ నలభై ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను మినహాయించారు, రోజూ నడపవద్దని అనలేదు. వారసత్వాన్ని కాపాడటమే ఉద్దేశమైతే చట్టం గుర్తించాల్సింది రెండో పద్ధతినే. ఎందుకంటే నిలిచిన కారులో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు ఎండి పగులుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. నడిచే కారులో లోపం చిన్నగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

పెట్రోలు సంగతి ఈ సీమకు ప్రత్యేకంగా తగులుతుంది. మొలాసిస్ నుంచి తీసే ఇథనాల్‌ను పెట్రోలులో 5 శాతం కలపడం 2003లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైనప్పుడు వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022లో అది దేశమంతటా సగటున 10 శాతానికి చేరింది, ఇప్పుడు 20 శాతం. చెరకు రైతుకు ఇది మేలు చేసే విధానం, దాన్ని వద్దనడం ఈ నేల మీద నిలబడి అనే మాట కాదు. అయితే పాత కారుకు దానివల్ల ఇబ్బంది ఉంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌నూ మెత్తబరిచి తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిలిస్తే తుప్పు ఖాయం. దీనికి మందు మెకానిక్ చేతిలోనే ఉంది: ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, గ్యాస్కెట్లు వేయించడం, కార్బరేటర్ జెట్టు సరిచేయించడం, ట్యాంకులో పెట్రోలు నిలవనివ్వకుండా బండి తిప్పడం. ఈ ఇంధనమూ రోజూ నడిపేవాళ్ల పక్షానే సాక్ష్యం చెబుతోంది.

ఇప్పుడు దిగులు కలిగించేది కార్లు తగ్గడం కాదు, బాగుచేసేవాళ్లు తగ్గడం. ఏటికొప్పాక, తుమ్మపాల, తాండవ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గోవాడ మిగతావాటి తర్వాత కూడా అప్పుల మధ్య, రైతు బకాయిల మధ్య ఈదుతూ వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడితే పోయేది చక్కెర ఒక్కటే కాదు. ఏటా ఓవర్‌హాలింగ్ చేసిన ఫిట్టరు, టర్నరు వెంట ఆ పని నేర్చుకునే కుర్రాడూ పోతాడు. పాత కారు కొనాలనుకునే వారు ముందుగా అడగాల్సింది ధర కాదు, దగ్గర్లో దాన్ని విప్పగలిగే మెకానిక్ ఎవరని. తర్వాత ఆర్.సి.లోని ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ బండి మీదివాటితో కలుస్తున్నాయా, నేల రేకుల్లో తుప్పు ఎంత, ఇంకో రాష్ట్రపు బండి అయితే ఎన్.ఓ.సి. ఉందా చూసుకోవాలి. తాతదో నాన్నదో కారు ఇంట్లో ఉన్నవాళ్లు ఆర్.సి. గడువు ఒకసారి తీసి చూడండి. పొడిగింపు దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు, దాటితే కారుకు నెలకు 500 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. గడువు దాటకముందే ఆ బండిని మెకానిక్‌కు చూపించి, బ్రేకులు చేయించి, మళ్లీ రోడ్డెక్కించండి.