దేవుడుండగా కీడెందుకు? ఒక పాత ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

దేవుడు లేడనేవాళ్లు నేటికీ బయటికి తీసే అతి పదునైన వాదాన్ని మనదాకా భద్రంగా చేర్చినవాడు ఒక క్రైస్తవుడు. పేరు లాక్టాంటియస్. రోము సామ్రాజ్యంలో లాటిన్ అలంకారశాస్త్రం బోధించిన పంతులు. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసించడం మొదలుపెట్టినప్పుడు ఆయన కొలువు పోయింది. కాలం తిరగబడ్డాక కాన్‌స్టంటైన్ చక్రవర్తి కొడుక్కి గురువయ్యాడు. దేవుని కోపం గురించి రాసిన పుస్తకంలో, గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ అన్నాడంటూ ఒక చిక్కుముడిని ఉటంకించాడు. కీడును తీసేయాలని దేవుడికి ఉందా లేదా, తీసేసే బలం ఉందా లేదా అంటూ నాలుగు దారులు గీసి, ఏ దారిన పోయినా భక్తుడు ఇరుక్కునేలా బిగించిన వాదం అది. క్రీ.పూ. 270లో పోయిన ఎపిక్యురస్ రాతల్లో మిగిలినవాటిలో మాత్రం ఇది ఎక్కడా కనిపించదు. సంశయవాదుల సరుకు ఆయన ఖాతాలో పడిందని చాలామంది పండితుల అనుమానం.

లాక్టాంటియస్ దానికి జవాబూ చెప్పాడు. కీడే లేకపోతే మంచిచెడ్డలు ఎంచుకునే వివేకానికి పనేముంటుందన్నాడు. ఎదుటివాడి వాదాన్ని నీరుగార్చకుండా ఎత్తి రాయడం ఆయన నిజాయితీ. కానీ ప్రశ్నకున్న బిగువు జవాబుకు లేదు. లోకం ప్రశ్ననే గుర్తుపెట్టుకుంది.

అసలు ప్రశ్న అంతకంటే పాతది, పుట్టింది కూడా భక్తుల ఇంట్లోనే. క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందే హెబ్రీ కవి ఎవరో యోబు కథను కావ్యం చేశాడు. నలభై రెండు అధ్యాయాల ఆ గ్రంథంలో ఊజు దేశపు నీతిమంతుడు ఆస్తినీ బిడ్డలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకుంటాడు. ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పగానే లెక్క చెప్పడం మొదలుపెడతారు: బాధ వచ్చిందంటే నీవైపు ఏదో పాపం ఉండే ఉంటుంది. యోబు ఒప్పుకోడు, దేవుణ్ణే వాదానికి పిలుస్తాడు. ముప్పై ఎనిమిదో అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు. సముద్రం, నక్షత్రాలు, కొండమేకలు ఎప్పుడు ఈనుతాయి, ఇలా ప్రశ్న మీద ప్రశ్న. ఎందుకు జరిగిందన్నది మాత్రం చెప్పడు. చివర్లో తీర్పు ఇచ్చేటప్పుడు తనను సమర్థించిన స్నేహితులను తప్పుపట్టి, తనను నిలదీసిన యోబు సరిగా మాట్లాడాడంటాడు. ఇంత ఇబ్బందికరమైన పుస్తకాన్ని లేఖనాల్లోంచి తీసేయకుండా ఉంచుకున్నవాళ్ల ధైర్యం మెచ్చుకోదగ్గది.

క్రైస్తవ సంఘానికి ఈ ముడి మరింత బిగుసుకుంది. దేవుడు ఒక్కడే, మంచివాడు, సర్వశక్తిమంతుడు, సమస్తాన్నీ సృష్టించినవాడు. వీటిలో ఏ ఒక్కటి వదులుకున్నా ప్రశ్న తేలికైపోతుంది. రెండో శతాబ్దంలో మార్సియన్ అలాగే వదులుకోమన్నాడు: ఈ లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది. సులువైన జవాబును కాదని కష్టమైన ప్రశ్నతోనే కాపురం చేయడానికి సంఘం సిద్ధపడింది ఆనాడే.

ఆ తర్వాత పుట్టిన జవాబులు దాదాపు అన్నీ ఎవరో ఒక ప్రత్యర్థిని ఎదుర్కొంటూ పుట్టినవే. ఇది గమనించకపోతే వాటిని సరైన చోట వాడలేం. ఐరేనియస్ సంగతి చూడండి. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్రైస్తవులను దారుణంగా చంపారు, బిషప్ పోతినస్ చెరలో మరణించాడు. ఆ స్థానంలోకి వచ్చినవాడు ఐరేనియస్. లోకమే ఒక పొరపాటు సృష్టి అన్న నాస్టిక్కులతో వాదిస్తూ, దేవుడు మనిషిని పసివాడిలా చేశాడు, అనుభవంతో ఎదగాల్సి ఉంది అన్నాడు. ఈ బీజాన్ని పట్టుకునే 1966లో జాన్ హిక్, ఈ లోకం మనుషుల ఆత్మలు రూపుదిద్దుకునే చోటు అని పెద్ద సిద్ధాంతం కట్టాడు.

ఆగస్టీన్ (354–430) ప్రత్యర్థి తన పాత మతమే. వెలుగుకూ చీకటికీ అనాదిగా యుద్ధం జరుగుతోందని మానీ చెప్పిన మార్గంలో తొమ్మిదేళ్లు నడిచాడు. బయటపడ్డాక అన్నాడు: కీడు సొంతంగా ఉనికి ఉన్న పదార్థం కాదు, ఆరోగ్యం లోపిస్తే రోగమైనట్టు మంచి లోపించిన చోటే కీడు. మరి లోపం ఎలా వచ్చింది? దేవుడిచ్చిన స్వేచ్ఛను దూతలూ మనుషులూ దుర్వినియోగం చేయడం వల్ల. మానీ మతస్థుల ముందు గట్టిగా నిలిచిన వాదమే ఇది. ముసలితనంలో, జన్మపాపం లేదన్న పెలాగియస్ అనుచరులతో తలపడ్డప్పుడు మాత్రం, పసిపిల్లల బాధకు కూడా ఆదాము నుంచి వచ్చిన జన్మపాపాన్నే కారణంగా చూపించాడు. తర్కం తెగలేదు గానీ, మనసు ఒప్పుకోవడం కష్టం.

పదిహేడో శతాబ్దం చివరి నుంచి కథ వేడెక్కింది. హాలెండుకు శరణార్థిగా పారిపోయిన ఫ్రెంచి ప్రొటెస్టెంటు పియర్ బేల్ సొంత అన్న, మతం మార్చుకోనని పట్టుబట్టి 1685లో జైల్లో ప్రాణం విడిచాడు. కీడు సమస్యను బుద్ధితో తేల్చలేమని, విశ్వాసమే దిక్కని బేల్ రాశాడు. దాని మీద ప్రష్యా రాణి సోఫీ షార్లెట్‌తో జరిపిన చర్చలే పెరిగి 1710లో లైబ్నిట్జ్ పుస్తకమయ్యాయి. సాధ్యమైన లోకాలన్నిటిలో దేవుడు ఎంచుకున్నది ఉత్తమమైనదే అన్నది దాని సారం. గణితవేత్త కదా, లెక్క సరిపోయింది.

1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జనం చాలామంది ఉదయం ఆరాధనలో ఉండగా భూమి కంపించింది. చర్చి కప్పులు కూలాయి, తర్వాత సముద్రం మీదికి వచ్చింది, మంటలు రోజుల తరబడి నగరాన్ని కాల్చాయి. చనిపోయినవాళ్లు వేలకు వేలు. వోల్టేర్ ముందు కవితలోనూ 1759లో ‘కాండిడ్’ నవలలోనూ లైబ్నిట్జ్ ఆశావాదాన్ని చీల్చి చెండాడాడు. రూసో 1756లో వోల్టేర్‌కు ఉత్తరం రాస్తూ, అన్నేసి అంతస్తుల ఇళ్లను ఒకే చోట ఇరికించి కట్టింది ప్రకృతి కాదు గదా అని గుర్తుచేశాడు. భూకంపానికి ప్రకృతి కారణాలు వెతకొద్దు, ఇది పాపాలకు శిక్ష, పశ్చాత్తాపపడండి అంటూ జెజువిట్ గురువు మలగ్రిడా కరపత్రం వేశాడు. పునర్నిర్మాణంలో తలమునకలై ఉన్న మంత్రి పొంబల్ అతన్ని ఊరు వెళ్లగొట్టాడు. 1761లో మతవిచారణ న్యాయస్థానం అతనికి మరణశిక్ష వేసింది. అదే పొంబల్ దేశంలోని పారిష్‌లన్నిటికీ ప్రశ్నావళి పంపాడు: ఎంతసేపు కంపించింది, ఎందరు పోయారు, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా, పొంగిందా? భూకంప శాస్త్రానికి తొలి మెట్లలో ఒకటిగా చెప్పుకునే ఆ సమాచారాన్ని ఓపికగా రాసి పంపినవాళ్లు పల్లె గురువులే. ఈ వివరం వోల్టేర్ అభిమానులు తరచూ మరిచిపోతారు.

ఇరవయ్యో శతాబ్దంలో వాదం విశ్వవిద్యాలయాల్లోకి మారింది. మంచి దేవుడూ కీడూ ఒకే లోకంలో ఉండడం తర్కవిరుద్ధమని 1955లో జె.ఎల్. మాకీ రాస్తే, స్వేచ్ఛ నిజమైనదైతే వైరుధ్యం లేదని 1974లో ఆల్విన్ ప్లాంటింగా చూపించాడు. ఆ ఒక్క అంశంలో ప్లాంటింగా గెలిచాడని నాస్తిక తత్వవేత్తలు కూడా చాలామంది ఒప్పుకున్నారు. ఇంత కీడు, ఇంత అర్థంలేని కీడు ఎందుకన్నది అలాగే ఉంది.

నాకు వీళ్లందరికంటే ముఖ్యంగా తోచేవాడు జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్. 1943లో హాంబర్గ్ మీద బాంబులు కురిసినప్పుడు పదిహేడేళ్ల కుర్రాడు. పక్కనే ఉన్న స్నేహితుడు చనిపోయాడు. 1972లో రాసిన పుస్తకంలో, సిలువ మీద బాధపడింది దేవుడేనని, బాధ దేవుడికి బయటిది కాదని వాదించాడు. దేవునికి బాధ అంటదన్న ప్రాచీన వేదాంతానికి ఇది అడ్డం. కీడు ఎందుకన్నదానికి కారణం చెప్పదు కూడా. కానీ క్రైస్తవ్యం మాత్రమే చెప్పగలిగిన మాట ఏదైనా ఉంటే అది ఇదే.

సి.ఎస్. లూయిస్ 1940లో బాధ సమస్య మీద చక్కటి తర్కంతో పుస్తకం రాశాడు. 1960లో భార్య క్యాన్సర్‌తో పోయాక మరుసటి ఏడాది దుఃఖం మీద ఇంకో చిన్న పుస్తకం వేశాడు, మారుపేరుతో. మొదటిది ఎదుటివాళ్లకు చెప్పే జవాబు. రెండోది దేవుడి మీద విరుచుకుపడి, మళ్లీ ఆయన దగ్గరికే చేరినవాడి గోడు.

మన దగ్గర ఈ ప్రశ్న పుస్తకంగా కాకుండా కరువుగా వచ్చింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

నేడు మన ఆదరణ కూడికల్లో వినిపించే ‘దేవుని చిత్తం’, ‘విశ్వాసానికి పరీక్ష’, ‘మన మేలుకే’ అన్నవి ఈ పాత వాదాల తుంపులే. వాదప్రతివాదాల కోసం తయారైనవాటిని బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అప్పజెప్పడం యోబు స్నేహితులు చేసిన పనే. కూడికల్లో యోబు మొదటి అధ్యాయంలోని సమర్పణ మాటలు తప్పక చదువుతారు. పుట్టిన దినాన్ని శపించుకున్న మూడో అధ్యాయం చదవగా విన్నది అరుదు. చీకటితోనే ముగిసే 88వ కీర్తన సంగతీ అంతే. అవి కూడా అదే బైబిల్లో ఉన్నాయి. పాస్టరుగార్లూ, సంఘ పెద్దలూ వచ్చే కూడికలో వాటికీ చోటివ్వండి.