జింక్ లోపం: సంగటి, కొర్రన్నంలో ఉన్నా ఒంటికి పట్టట్లేదా? ఇలా చేసి చూడండి

దెబ్బ తగిలితే పుండు త్వరగా మానట్లేదా? నోటికి రుచి తెలియట్లేదా? పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదగట్లేదా? వీటికి చాలా కారణాలుంటాయి. వాటిలో జింక్ లోపం ఒకటి. శరీరంలో 300కు పైగా ఎంజైములు పనిచేయడానికి ఈ ఖనిజం కావాలి. రోగనిరోధక శక్తికి, ఎదుగుదలకు కూడా ఇది అవసరం. శరీరం దీన్ని పెద్దగా నిల్వ చేసుకోలేదు కాబట్టి రోజూ తిండి ద్వారానే అందాలి.

రోజుకు ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 సిఫార్సుల ప్రకారం పురుషులకు రోజుకు 17 మి.గ్రా., మహిళలకు 13.2 మి.గ్రా. జింక్ అవసరం. గర్భిణులకు ఇంకొంచెం ఎక్కువ కావాలి.

మన తిండిలో ఎంతుంది?

కర్నూలు, కడప జిల్లాల మెట్ట పంటల్లో జింక్ బాగానే ఉంటుంది. 100 గ్రాముల సజ్జల్లో సుమారు 2.8 మి.గ్రా., రాగుల్లో 2.5, జొన్నల్లో 2 మి.గ్రా. ఉంటే, పాలిష్ బియ్యంలో 1.2 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. కొర్రలు, శనగలు, వేరుశెనగలు, నువ్వుల్లోనూ జింక్ దొరుకుతుంది.

అయితే చిక్కు ఒకటుంది. చిరుధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను పట్టి ఉంచుతుంది. దాంతో తిన్నదంతా ఒంటికి పట్టదు.

ఏం చేయాలి?

* కొర్రలు, శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలి.
* రాగులు, సజ్జలు మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించుకోవాలి.
* రాత్రి పులియబెట్టిన అంబలి మంచిది. పులిస్తే ఫైటేట్ తగ్గుతుంది.
* సంగటిలోకి నాటుకోడి పులుసో, మటనో ఉంటే జింక్ మరింత బాగా అందుతుంది. మాంసం తినని వారు పాలు, పెరుగు, వేరుశెనగల ఊరిబిండి కలుపుకోవచ్చు.

నేలలోనూ లోపమే

సున్నం, క్షార గుణం ఎక్కువగా ఉన్న నేలల్లో జింక్ ఉన్నా పంటకు సరిగా అందదు. కేసీ కెనాల్ లాంటి కాలువల కింద వరి వేసే రైతులు ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే జాగ్రత్త పడాలి. ముందే భూసార పరీక్ష చేయించుకుని, లోపం ఉంటే దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసుకోవచ్చు. భాస్వరం ఎరువుతో మాత్రం కలిపి వేయకూడదు.

పిల్లలకు విరేచనాలైతే..

జింక్ అసలు విలువ తెలిసేది ఇక్కడే. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లోనే సూచించాయి. ఆరు నెలలు దాటిన వారికి రోజుకు 20 మి.గ్రా. మాత్ర ఒకటి, 2 నుంచి 6 నెలల లోపు వారికి సగం ఇస్తారు. పసిపిల్లలకు తల్లిపాలలో, కాస్త పెద్దవారికి చెంచాడు నీళ్లలో కరిగించి పట్టాలి.

చాలామంది రెండు మూడు రోజులకు విరేచనాలు తగ్గగానే మాత్ర మానేస్తారు. అది పొరపాటు. సూచించినన్ని రోజులూ వాడితేనే తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ విరేచనాలు వచ్చే ముప్పు తగ్గుతుంది. ఈ మాత్రల కోసం ఆశా కార్యకర్తను గానీ, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. బిడ్డ నీరసించినా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కువైనా ముప్పే

మంచిదని పెద్దలు సొంతంగా మాత్రలు మింగొద్దు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే వాంతులు, కడుపునొప్పితో పాటు శరీరంలో రాగి లోపం వస్తుంది.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. మందులు వాడే ముందు వైద్యులను సంప్రదించండి.)