మార్లవాయి ఇల్లాలు

పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన పిల్లకి ఆ ఇంటి పద్ధతులు అలవాటు కావడానికే ఆరునెలలు పడుతుంది. అలాంటిది, దేశం కాని దేశంలో, అడవి మధ్య, మట్టిగోడల ఇంట్లో కాపురం పెట్టమంటే? బెట్టీ ఎలిజబెత్ అనే ఇంగ్లీషు ఇల్లాలు ఆ పనే చేసింది. ఆవిడ కాపురం ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో, గోండుల మధ్య.

భర్త హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1938లోనే హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు మరి! ఇంకేముంది, ఇంగ్లీషువారి దృష్టిలో ఆయన శత్రువు. నైజాం రాజ్యం దాటి వెళ్ళకూడదన్నారు.

1940లో జోడేఘాట్‌లో కొమరం భీం పోలీసు తూటాలకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకు రమ్మని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దున్నుకునే భూమికి కాగితం లేదు, అడవిలో అడుగుపెడితే జుల్మానా, పైగా షావుకారు అప్పు. ఆయన సలహాతోనే వేలాది కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండీలోనే వాచకాలు తయారుచేశారు. ఏ పిల్లకైనా అమ్మ భాషలో చెప్పిన పాఠమేగా ముందు ఒంటపట్టేది!

ప్రధానులు కింగ్రి వాయిస్తూ పాడే కులగాథలు, దీపావళికి నెమలి ఈకల కిరీటాలతో ఆడే గుస్సాడీ, కేస్లాపూర్ నాగోబా జాతర... అవన్నీ ఆ దంపతుల పరిశోధన వల్ల పుస్తకాల కెక్కాయి. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మొగుడి పనిలో సగం మోసిన ఆడవాళ్ళలో ఎంతమందికి ఆపాటి గుర్తింపు దక్కింది చెప్పండి?

అయితే కథ సుఖాంతం కాలేదు. 1970ల్లో తిరిగి వచ్చి చూస్తే, పట్టాలిప్పించిన భూములే ఎన్నో బయటివాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయి కనిపించాయి. ఆ బాధంతా ఆయన 1982 నాటి పుస్తకంలో రాసుకున్నారు. గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని చట్టం ఉంది. ఉండీ ఏం లాభం?

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆవిడ సమాధి మార్లవాయిలోనే కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆవిడ పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో ఊరివాళ్ళు ఆ ఇద్దరినీ తలుచుకుంటారు.

అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకి 2021లో పద్మశ్రీ వచ్చింది. టీవీలో ఆ నెమలి కిరీటాన్ని చూసి మనం అబ్బురపడ్డాం. అబ్బురపడటం మంచిదే. కానీ ఆ కిరీటం పెట్టుకున్నవాడి కాళ్ళకింద నేల అతనిదేనా అని కూడా ఒక్కసారి అడగాలి కదూ? మట్టింట్లో కాపురం చేసిన ఆ దంపతులు అడిగింది ఆ ప్రశ్నే మరి.