హైస్కూలు వయసులో కళాశాల చదువు (తెలంగాణ)

పదిహేను, పదహారేళ్ళ విద్యార్థులకు కళాశాల స్థాయి పాఠాలు చెప్పే ఏర్పాట్లు చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అమెరికాలో ఈ పని హైస్కూళ్ళే చేస్తాయి. కాలేజ్ బోర్డు 1955 నుంచి నడుపుతున్న అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అయిదుకు మూడు, నాలుగు తెచ్చుకుంటే చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీలో ఆ మేరకు క్రెడిట్లు ఇస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది బాగా తెలిసిన దారి. తెలంగాణలో కథ వేరు. ఇక్కడ పదకొండు, పన్నెండు తరగతులకు సమానమైన ఇంటర్మీడియెట్ చదివే చోటునే కాలేజీ అంటారు.

ఈ తేడా హైదరాబాదు శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సీబీఎస్ఈ బడిలో ప్లస్ టూ చదివే అమ్మాయి స్కూలు విద్యార్థిని. జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివే అదే వయసు అమ్మాయి కాలేజీ విద్యార్థిని. ఇద్దరి భౌతికశాస్త్రమూ ఇంచుమించు ఒకటే. బడిలో చెప్పేవారు టీచరు, ఇంటర్‌లో చెప్పేవారు లెక్చరరు. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ కొలువుకు పీజీ తప్పనిసరి.

ఇంటర్మీడియెట్‌ను కాలేజీ అనడం వెనుక చరిత్ర ఉంది. 1857లో ఏర్పడ్డ మద్రాసు విశ్వవిద్యాలయంలో మెట్రిక్యులేషన్ దాటినవారు ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్) చదివేవారు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని స్థానంలో ఇంటర్మీడియెట్ వచ్చింది. హైదరాబాదులో 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ కూడా చాలాకాలం మద్రాసుకే అనుబంధంగా ఉండేది. 1919 ఆగస్టులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట చేర్చుకున్నది ఇంటర్మీడియెట్ విద్యార్థులనే. విద్యార్థులు 225 మంది, బోధకులు 25 మంది. ఉర్దూలో చెప్పడానికి పుస్తకాలు లేకపోతే, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను ముందే పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. అంటే నేడు జూనియర్ కాలేజీకి వెళ్ళే వయసు పిల్లల కోసం ఒక విశ్వవిద్యాలయం సొంత పాఠ్యగ్రంథాలు తయారు చేయించింది. అటువంటి శ్రద్ధ ఆ తర్వాత ఈ స్థాయి చదువుకు అరుదుగా దక్కింది.

తర్వాతి మూడు దశాబ్దాలూ ఇంటర్మీడియెట్ విశ్వవిద్యాలయాల అధీనంలోనే నడిచింది.

1952-53లో మొదలియార్ కమిషన్ ఇంటర్మీడియెట్‌ను ఎత్తివేసి, డిగ్రీని మూడేళ్ళు చేయాలని సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సు, అంటే పి.యు.సి. వచ్చింది. ఆ తరం ఉద్యోగస్థుల సర్టిఫికెట్లలో ఈ మూడక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏడాది చదువు చాలదని తేలాక, 1964-66 నాటి కొఠారీ కమిషన్ చూపిన 10+2+3 పద్ధతికి రాష్ట్రం మళ్ళింది. 1969-70లో రెండేళ్ళ ఇంటర్ మొదలైంది, 1971లో ఇంటర్మీడియెట్ బోర్డు ఏర్పడింది. దాంతో ఈ రెండేళ్ళు విశ్వవిద్యాలయం చేతి నుంచి జారిపోయాయి. పేరు మాత్రం కాలేజీగానే మిగిలింది. బోధన ప్రవేశపరీక్షల వైపు తిరిగింది. ఐఐటీ రామయ్యగా పేరుబడ్డ చుక్కా రామయ్య నల్లకుంటలో చెప్పిన గణితం బోర్డు పుస్తకాన్ని దాటి వెళ్ళేది. ఆ ఒరవడిని కార్పొరేట్ కాలేజీలు అందిపుచ్చుకుని, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో హైస్కూలు తరగతులకే దించాయి. పాఠం కాలేజీ స్థాయిదే అయినా దానికి డిగ్రీలో ఒక్క క్రెడిట్ కూడా రాదు, వచ్చేది ర్యాంకు.

బడికీ విశ్వవిద్యాలయానికీ మధ్య కంచె దాటిన ప్రయోగం 2008లో జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రాంగణాలు తెరిచింది. జనం వాటిని ట్రిపుల్ ఐటీలనే అంటారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్‌గా ఉన్నారు. పదో తరగతి కాగానే విద్యార్థిని విశ్వవిద్యాలయంలోకే తీసుకుని, రెండేళ్ళు పి.యు.సి., నాలుగేళ్ళు బీటెక్ ఒకే ప్రాంగణంలో చదివించడం దీని పద్ధతి. ఎంసెట్ లేదు, కోచింగ్ లేదు. పదో తరగతి మార్కులే ప్రాతిపదిక. ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. పాఠాలు చదవడానికి విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఇచ్చారు. పల్లె బడి నుంచి వచ్చిన పిల్లలకు ఇంతకన్నా మేలైన ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలో మరొకటి రాలేదనవచ్చు. సౌకర్యాల కోసం బాసర విద్యార్థులు 2022 జూన్‌లో రోజుల తరబడి ఆందోళన చేయవలసి వచ్చిందన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

పాలిటెక్నిక్ మరో దారి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏటిలో చేరవచ్చు. హైస్కూలు వయసులో చదివినదానికి డిగ్రీలో ఒక ఏడాది కలిసిరావడమంటే ఇదే. అయినా క్రెడిట్ బదిలీ గురించి మాట్లాడేవారు దీన్ని తలచుకోవడం తక్కువ.

ఉన్నత విద్యాసంస్థలకు శామీర్‌పేట వైపు లోటు లేదు. 1998లో ఏర్పడ్డ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. 2008లో జవహర్‌నగర్ దగ్గర బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం మొదలైంది. తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు వెలిశాయి. చుట్టుపక్కల బడిపిల్లలకు మాత్రం ఈ తరగతి గదులు పన్నెండో తరగతి అయ్యాకే, అదీ క్లాట్, బిట్‌శాట్ వంటి ప్రవేశపరీక్షలతోనే దక్కుతాయి.

ఇటీవలి మార్పులు ఆన్‌లైన్‌లో వచ్చాయి. కేంద్రం 2017 జులైలో ప్రారంభించిన స్వయం వేదికలో తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ మద్రాసు డేటా సైన్స్ బీఎస్ అర్హత ప్రక్రియకు పదకొండో తరగతి పరీక్షలు రాసినవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. చేరడం మాత్రం పన్నెండు పూర్తయ్యాక. బడి చదువునూ డిగ్రీనీ ఒకే క్రెడిట్ లెక్కలోకి తెచ్చే జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 2023 ఏప్రిల్‌లో వెలువడింది.